మూలపడ్డ ఫోన్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత సెల్‌ఫోన్లు అవసరమైన వాళ్లకి ఇవ్వడం, ఇక పనికిరావనుకున్న వాటిని సరైన చోటికి చేర్చడం గురించి ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాల్లోంచి కొన్నిటికి ఈసారి జవాబులు. సెల్ రిపేరు, ఈ-వ్యర్థాల (పాడయిన ఎలక్ట్రానిక్ సామాను) సేకరణ తెలిసినవాళ్లం కలిసి రాశాం.

మా యువజన సంఘం ఇల్లిల్లూ తిరిగి 43 ఫోన్లు పోగుచేసింది. చుట్టుపక్కల సవర గూడేల్లో హైస్కూలు పిల్లలకి ఇద్దామని. ప్రస్తుతానికి అన్నీ ఒక బస్తాలో ఉన్నాయి. ఎక్కడ మొదలెట్టాలి?
*– సంఘ సభ్యుడు, పర్లాకిమిడి*

ముందు వాటిని ఆ బస్తాలోంచి బయటికి తీయండి. ఈ పని రేపటికి పెట్టకండి. వెనక మూత ఊడిన ఫోను బ్యాటరీకి పక్క ఫోను అంచు గుచ్చుకుంటే చాలు, నిప్పంటుకుంటుంది. పాత పేపర్లు పరిచి విడివిడిగా పెట్టి, ఉబ్బినవి, వంగినవి, తడిసినవి ముందే వేరుచేయండి. వాటిని ఏం చేయాలో కింద బరంపురం పాఠకుడికి ఇచ్చిన జవాబులో ఉంది.

మిగిలిన వాటికి కాగితం టేపు అంటించి వరసగా నంబర్లు వేయండి. ఒక నోటుబుక్కులో అదే నంబరు ఎదురుగా మోడలు, ఐఎంఈఐ, ఏ రకం ఛార్జరు, ఏం లోపం అన్నవి రాసుకోండి. ఐఎంఈఐ అనేది ఒక్కో ఫోనుకి ఒక్కటిగా ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య. రెండు సిమ్‌ల ఫోనుకి రెండుంటాయి. *#06# కొడితే తెర మీద కనిపిస్తుంది. వెలగని ఫోనయితే బ్యాటరీ కింద స్టిక్కరు మీదో, సిమ్ ట్రే మీదో, పాత పెట్టె మీదో వెతకండి.

తర్వాత ఛార్జింగు. ఏళ్లతరబడి బీరువాలో పడున్న ఫోను పెట్టగానే వెలగదు. బ్యాటరీ వోల్టేజి బాగా పడిపోయినప్పుడు లోపలి రక్షణ సర్క్యూటు మొదట్లో చాలా కొద్ది కరెంటునే లోపలికి పోనిస్తుంది. తెర మీద గుర్తు కనబడటానికి 20, 30 నిమిషాలు పట్టొచ్చు. గంట దాటేవరకు డెడ్ అని తేల్చకండి. కానీ ఆ గంటా మనిషి దగ్గరుండాలి. పట్టుకోలేనంత వేడెక్కితే వెంటనే కేబుల్ తీసేయండి. రాత్రి పెట్టి నిద్రపోవడం మాత్రం వద్దు.

కేబుల్ వదులుగా ఊగుతుంటే ఛార్జింగ్ పిన్ పోయిందని అనేస్తారు. ముందు టార్చి వేసి లోపలికి చూడండి. జేబులోని నూలుపోగులు, దుమ్ము కలిసి అడుగున పరుపులా గట్టిపడి ఉంటాయి. అందుకే కేబుల్ చివరిదాకా దిగదు. ఫోను స్విచ్ఛాఫ్ చేసి, పళ్లు కుట్టుకునే చెక్కపుల్లతో అంచుల వెంబడి నెమ్మదిగా గీకితే ఉండలా బయటికొస్తుంది. పిన్నీసు, సూది వాడకండి. లోపలున్న సన్నటి రేకులు వంగితే నిజంగానే పిన్ మార్చాల్సివస్తుంది.

వెలిగిన ఫోనుని ఈ వరసలో చూడండి. ఒక గుర్తుని వేలితో పట్టుకుని తెరంతా అడ్డంగా నిలువుగా లాగండి. మధ్యలో ఎక్కడ జారిపోతే అక్కడ టచ్ పోయినట్టు. శాంసంగ్‌లో *#0*# కొడితే పరీక్షల పేజీయే వస్తుంది. తర్వాత సిమ్ వేసి కాల్ చేయండి. మామూలుగా ఒకసారి, స్పీకరు పెట్టి ఒకసారి మాట్లాడండి. చాలా ఫోన్లలో రెండు మైకులుంటాయి, ఒకటి పోయినా రెండోది పనిచేస్తూ మనల్ని మోసం చేస్తుంది. వైఫై, కెమెరా చూశాక, వెలుతురు సగానికి పెట్టి అరగంట వీడియో నడపండి. 15 శాతం కంటే ఎక్కువ దిగితే బ్యాటరీ అలసిపోయింది. 40 శాతం దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతే మార్చక తప్పదు.

హైస్కూలు పిల్లల చదువుకయితే ఆండ్రాయిడ్ 8 కంటే పాతది, 2 జీబీ ర్యామ్ కంటే తక్కువది ఇవ్వొద్దన్నది మా మాట. పాఠం యాప్ తెరవగానే ఆగిపోయే ఫోను పిల్లవాడికి చదువు మీదే విసుగు తెప్పిస్తుంది. అంతకంటే పాతవాటిని వాట్సాప్‌కి, ఫోటోలకి, పాటలకి వాడుకోవచ్చు. 2025 నాటికి వాట్సాప్‌కి కనీసం ఆండ్రాయిడ్ 5 కావాల్సివచ్చేది.

రిపేరు విషయంలో ఒక లెక్క పెట్టుకోండి. ఒక్క భాగం పోతే బాగుచేయించండి. రెండు పోతే ఆ ఫోనుని విడిభాగాలకి ఉంచండి. ఒకే మోడలు రెండుంటే, ఒకదాని డిస్‌ప్లే, ఇంకోదాని బోర్డు కలిపి ఒక మంచి ఫోను చేసుకోవచ్చు. 43లో సగం కూడా పిల్లల చేతికి చేరకపోతే దిగులు పడకండి. ఇచ్చిన ప్రతిదానితో పనిచేసే ఛార్జరు ఉందా లేదా అన్నదే మిమ్మల్ని ఎక్కువ పట్టించుకోమంటున్నాం. గూడెంలో పాత సన్న పిన్ను కేబుల్ ఎవరింట దొరుకుతుంది?

పని చేసిపెట్టే అమ్మాయి కూతురికి నా ఫోను రీసెట్ కొట్టి, అంటే అంతా చెరిపేసి ఇచ్చాను. ఇప్పుడది నా పాత జీమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతోందట. పాస్‌వర్డ్ నాకే గుర్తులేదు. దుకాణంలో చూపిస్తే బోర్డు మార్చాలన్నారు.
*– విశ్రాంత ఉద్యోగి, రాయగడ*

బోర్డు మార్చక్కర్లేదండీ. దొంగ చేతిలో ఫోను పనికిరాకూడదని 2015లో ఆండ్రాయిడ్ 5.1తో గూగుల్ పెట్టిన తాళం ఇది. సెట్టింగ్స్ లోపలికెళ్లి రీసెట్ చేస్తే మామూలుగా తాళం పడదు, ఎందుకంటే ఫోను మీ స్క్రీన్‌లాక్ పిన్ నంబరు అడిగి మీరే యజమాని అని తేల్చుకుంటుంది. పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కితే వచ్చే ‘రికవరీ’ అనే పేజీలోంచి రీసెట్ కొడితే మాత్రం పడుతుంది. మీది అలా జరిగినట్టుంది.

ఇప్పుడు చేయాల్సిందిది. మీ దగ్గరున్న కొత్త ఫోనులో అదే జీమెయిల్ ఉంటే దాంట్లోంచి పాస్‌వర్డ్ మార్చండి. లేకపోతే గూగుల్ ఖాతా రికవరీ పేజీలో మీ మొబైల్ నంబరుకి కోడ్ తెప్పించుకోండి. పాస్‌వర్డ్ మార్చాక 24 గంటలు ఆగండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మార్చిన వెంటనే కొడితే ఫోను ఒప్పుకోదు, కొత్త పాస్‌వర్డ్ కూడా తప్పేనేమో అనుకుని మళ్లీ మారుస్తారు, మళ్లీ 24 గంటలు. ఒక రోజు ఆగి, ఫోనుని వైఫైకి కలిపి, మీరే స్వయంగా జీమెయిల్ కొట్టి లోపలికి వెళ్లండి. వెళ్లాక సెట్టింగ్స్‌లో ఖాతాలు అన్నచోట మీ ఖాతాని తీసేసి, అక్కణ్ణించే మళ్లీ రీసెట్ చేసి ఇవ్వండి. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి పంపడం మాత్రం వద్దు, మీ ఉత్తరాలు, ఫోటోలు అన్నీ ఆ జీమెయిల్ వెనకే ఉంటాయి.

మిగతావాళ్లకి: ఇవ్వబోయే ముందు గూగుల్ ఖాతాతో పాటు శాంసంగ్ ఖాతా, షావోమీ ఖాతా ఉంటే అవీ తీసేయాలి. ఐఫోనయితే ‘ఫైండ్ మై’ అనే, పోయిన ఫోను వెతికే సదుపాయాన్ని ఆపాలి. ఐఫోనుని ఇచ్చేశాక గుర్తొచ్చినా ఫర్వాలేదు, ఆపిల్ వాళ్ల ఐక్లౌడ్ వెబ్‌సైటులోకి వెళ్లి దూరం నుంచే ఖాతాలోంచి తొలగిస్తే తాళం ఊడుతుంది. ఆండ్రాయిడ్‌లో అలా కుదరదు. గూగుల్ ఖాతా పరికరాల జాబితాలోంచి ఫోనుని తీసేసినా తాళం అలాగే ఉంటుంది.

రీసెట్ చేశాక కూడా ఫోటోలు తిరిగి తీయొచ్చంటారు. ఆడపిల్లలున్న ఇల్లు మాది, ఆ భయంతోనే నాలుగు ఫోన్లు దాచిపెట్టుకున్నాం. ఇవ్వొచ్చా?
*– గృహిణి, గుణుపూర్*

మీ భయం సహేతుకమైనదే, కానీ దానికి మందుంది. ఫోను లోపలి సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, అంటే తాళంచెవి లేకుండా చదవలేని అక్షరాలుగా మారి ఉంటే, రీసెట్ చేసినప్పుడు ఆ తాళంచెవే చెరిగిపోతుంది. ఆ తర్వాత ఎవరు ఏ సాఫ్ట్‌వేర్‌తో తోడినా చెత్తే వస్తుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో తయారైన ఫోన్లన్నిటికీ ఇది తప్పనిసరి. అంతకుముందు 2015 నాటి ఆండ్రాయిడ్ 6 నుంచే చాలా ఫోన్లలో ఉంది, చవక రకాలకి మినహాయింపు ఉండేది. ఐఫోన్లలో 2009 నాటి 3జీఎస్ నుంచీ ఉంది.

మీ నాలుగింటిలో పాతదేదయినా ఉంటే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ‘ఎన్‌క్రిప్ట్ ఫోన్’ అన్నది ఉందేమో చూడండి. ఛార్జింగు 80 శాతం దాటాక, కేబుల్ తగిలించే ఉంచి అది నొక్కండి. గంట, అంతకుమించి పట్టొచ్చు. మధ్యలో కరెంటు, ఛార్జింగు రెండూ పోతే సమాచారం చెడిపోతుంది, కాబట్టి ముందే ఫోటోలు వేరేచోటికి తీసుకోండి. అది పూర్తయ్యాక రీసెట్. ఆ సదుపాయమే లేకపోతే రీసెట్ చేసి, గోడకేసి కెమెరా పెట్టి జాగా నిండేదాకా వీడియో తీసి, మళ్లీ రీసెట్ చేయండి. పాత ఫోటోలున్న చోట గోడ బొమ్మ కూర్చుంటుంది.

రీసెట్‌కి ముందు ఇవి మరవకండి. కొత్త ఫోనులో వాట్సాప్ తెరిచి నంబరు ధ్రువీకరించుకోండి, పాతదాంట్లో దానంతటదే మూసుకుంటుంది. యూపీఐ యాప్‌లో నమోదు రద్దుచేసి బయటికి రండి. సిమ్ తీయండి. మెమరీ కార్డు ఇవ్వనే వద్దు. అందులో చెరిపేశామనుకున్నవి తిరిగి తీయడం నిజంగానే తేలిక, దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి.

టచ్ పోయిన ఫోనుంటే, ఓటీజీ అనే చిన్న పిన్నుతో కంప్యూటర్ మౌస్ తగిలించండి. తెర మీద బాణం గుర్తు వస్తుంది, దాంతోనే అన్నీ చేయొచ్చు. తెర మొత్తం నల్లబడి, ఫోను మాత్రం మోగుతుంటే, గూగుల్‌లో ఫోను వెతికిపెట్టే సేవ నుంచి దూరంగానే చెరిపేయొచ్చు. ఫోను ఆన్‌లో ఉండి ఇంటర్నెట్‌కి కలిసి ఉండాలి. అలా చెరిపినదానికి మీ ఖాతా తాళం పడే ఉంటుంది, కనక అది రీసైక్లింగుకి పంపే ఫోనుకే. సుత్తితో పగలగొట్టడం మాత్రం ఎవరూ చేయకండి, లోపల బ్యాటరీ ఉంటుంది.

ఇవ్వడానికి తీసిన ఫోను వెనక మూత లేచింది. నొక్కితే మెత్తగా ఉంది. బ్యాటరీకి గుండుసూదితో చిన్న చిల్లు పెడితే గాలి పోతుందని చెప్పారు.
*– పాఠకుడు, బరంపురం*

చిల్లు పెట్టకండి. నొక్కడం కూడా ఆపండి. అది మామూలు గాలి కాదు, లోపలి ద్రావకం విరిగి పుట్టిన వాయువు, అంటుకునే స్వభావం ఉన్నది. బ్యాటరీలో రెండు సన్నటి పొరల మధ్య కాగితమంత పలచటి అడ్డు ఉంటుంది. సూది ఆ అడ్డుని చీలిస్తే రెండు పొరలూ కలుస్తాయి, క్షణాల్లో మంట, తెల్లటి పొగ. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది.

ఫోను స్విచ్ఛాఫ్ చేయండి, ఇక ఛార్జింగు పెట్టకండి. ఊడదీయగలిగే బ్యాటరీ అయితే తీసి, రాగి రంగు పలకలున్న చోట సెల్లో టేపు అంటించండి. అతికించి ఉన్న రకమయితే పెకలించకండి, ఫోనుతో సహా ఉంచేయండి. ఒక పాత ఇనప డబ్బాలో నాలుగు వేళ్ల మందాన పొడి ఇసుక పోసి, దానిమీద పెట్టి, పైన మళ్లీ ఇసుక పోయండి. మూత బిగించకండి, వాయువుకి దారి కావాలి. ఎండ, వాన తగలని వసారా మూల, గడ్డికీ గ్యాసు బండకీ దూరంగా పెట్టండి. ఒకవేళ అంటుకుంటే దూరంగా నిలబడి నీళ్లు ధారగా పోయొచ్చు. ఫోను బ్యాటరీ మంటకి నీళ్లు చల్లార్చే పనే చేస్తాయి. పొగ పీల్చకండి.

ఉబ్బు కొద్దిగా ఉందో లేదో తెలియనప్పుడు, ఊడదీసిన బ్యాటరీని అద్దం పలక మీద వెల్లకిలా పెట్టి వేలితో తిప్పండి. బాగున్నది రాచుకుని ఆగుతుంది. ఉబ్బినది బొంగరంలా తిరుగుతుంది. అతికించిన రకంలో తెర ఒక అంచున లేచి సందులోంచి వెలుతురు కనిపిస్తుంది, లేదా తెర మధ్యలో పసుపు మచ్చ పడుతుంది.

బాగున్న ఫోన్లని కొన్నాళ్లు దాచాల్సివస్తే సగం ఛార్జింగుతో, చల్లటి చోట పెట్టండి. నిండా పెట్టి ఎండాకాలం రేకుల గదిలో వదిలేస్తే ఉబ్బడానికి అదే దారి.

పాత సామాన్లు కొనే కబాడీవాడు పాడయిన ఫోనుకి ఇంత అని డబ్బిచ్చి తీసుకుంటున్నాడు. సంఘానికి ఆ డబ్బు పనికొస్తుంది కదా. రీసైక్లరుకే ఎందుకివ్వాలి? ఫోన్లో బంగారం ఉంటుందంటే నిజమా?
*– పాఠకుడు, జయపురం*

బంగారం నిజమే. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం పది లక్షల ఫోన్లలో సుమారు 34 కిలోల బంగారం, 350 కిలోల వెండి, 15,900 కిలోల దాకా రాగి, 15 కిలోల పలాడియం. అంటే ఒక్క ఫోనులో బంగారం 0.034 గ్రాము, రాగి 16 గ్రాములు. 40 ఫోన్లు పోగేస్తే గ్రామున్నర కూడా కాదు. ఆ కొద్దిపాటి బంగారం కోసం ఏం చేస్తారో చూడండి. బోర్డుని పొయ్యి మీద కాల్చి చిప్పులు ఊడదీస్తారు. తర్వాత ఒక వంతు నత్రికామ్లానికి మూడు వంతుల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన దాంట్లో ముంచుతారు. గోధుమరంగు పొగ లేస్తుంది. పాత ఫోన్ల టంకంలో సీసం ఉంటుంది, అది పొగలోకి, బూడిదలోకి పోతుంది. మిగిలిన ఆమ్లం కాలవలోకి. ఈ పని చేసేది చాలాసార్లు చేతులకి తొడుగు కూడా లేని పిల్లలు, ఆడవాళ్లు. ఆ విషం ఇంకో ఊరి బావిలోకి చేరాక, మనం దానం చేసిన ఫోను మేలు ఎంత?

పైగా మన దేశంలో దీనికి చట్టం ఉంది. ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022లో వచ్చి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఫోను తయారుచేసిన, అమ్మిన కంపెనీదే దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యత. బ్యాటరీలకి వేరుగా 2022 నియమాలున్నాయి. అందుకే మొదట ఆ బ్రాండు సర్వీసు సెంటరులో తీసుకుంటారేమో అడగండి. సంఘమయితే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్ల జాబితా ఆ మండలి వెబ్‌సైటులో ఉంటుంది, దాంట్లో ఒడిశాకో, దగ్గరలో ఉన్న ఆంధ్రాకో చెందినవాళ్లని ఎంచుకోండి. ఒకటీ రెండింటికి ఎవరూ రారు. గుణుపూర్, పర్లాకిమిడి, రాయగడ సంఘాలు కలిసి ఒకేసారి పంపితే బండి ఖర్చు గిట్టుతుంది. నియమాలు రీసైక్లర్లకీ కంపెనీలకీ పెట్టిన నిల్వ గడువు 180 రోజులు. మీరూ ఆరు నెలలకి మించి కూడబెట్టకండి. విడి బ్యాటరీలని పార్సిల్లో మాత్రం పంపొద్దు.

కబాడీవాణ్ణి పూర్తిగా పక్కన పెట్టక్కర్లేదు. ఊరూరా తిరిగేది అతనే. సంఘమే అతని దగ్గర కొని రీసైక్లరుకి చేరిస్తే ఇద్దరికీ గిట్టుబాటు.

మా కొండ ఊళ్లో బీఎస్ఎన్ఎల్ 4జీ టవరు పడింది. పట్నం నుంచి ఎవరో ఇచ్చిన 4జీ ఫోన్లు తెచ్చాం, కొన్నిట్లో సిగ్నలే లేదు, కొన్నిట్లో నెట్ వస్తుంది కానీ కాల్ పోదు.
*– ఉపాధ్యాయుడు, కోరాపుట్ జిల్లా*

ఇవి రెండు వేర్వేరు లోపాలు. బీఎస్ఎన్ఎల్ 4జీ రెండు తరంగాల మీద నడుస్తుంది, 700 మెగాహెర్ట్జ్, 2100 మెగాహెర్ట్జ్. వీటినే బ్యాండ్ 28, బ్యాండ్ 1 అంటారు. కొండ ఊళ్లలో దూరం వెళ్లేది, గోడలు దాటేది 700. పాత 4జీ ఫోన్లలో చాలావాటికి బ్యాండ్ 28 లేదు, పట్నంలో బ్యాండ్ 3, 5, 40 మీద బాగా పనిచేసిన ఫోనే మీ ఊళ్లో మూగబోతుంది. దీన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేయలేం. కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడలు వివరాల్లో ‘ఎల్‌టీఈ బ్యాండ్లు’ అన్న వరసలో 28 ఉందో లేదో చూసి తీసుకోండి.

నెట్ వచ్చి కాల్ పోకపోతే వోల్టీ లేదన్నమాట, అంటే 4జీ మీదే మాట్లాడే సదుపాయం. ఆ సదుపాయం లేని ఫోను కాల్ చేసేటప్పుడు 2జీకి దిగాలని చూస్తుంది. మీ టవరులో 2జీ లేకపోతే దిగడానికి చోటుండదు. సెట్టింగ్స్‌లో సిమ్ నెట్‌వర్క్ కింద ‘వోల్టీ కాల్స్’ మీట ఉంటే ఆన్ చేయండి. మీట ఉండీ పనిచేయకపోతే ఫోను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి మళ్లీ చూడండి. మీటే లేకపోతే వాట్సాప్ కాల్‌తో సరిపెట్టుకోవాల్సిందే.

ఆ ఫోన్లని వృథా అనుకోకండి. సిగ్నల్ లేకపోయినా ఒక వైఫై కింద ప్రభుత్వ బడి పాఠాల ‘దీక్ష’ యాప్‌లో పాఠాలు దింపుకుంటే తర్వాత నెట్ లేకుండానే చూడొచ్చు. బడిలో ఒక ఫోనుతో హాట్‌స్పాట్ పెట్టి మిగతావాటిలో దింపండి.

సూరత్ మిల్లుల్లో కొడుకులున్న ముసలమ్మలకి బటన్ ఫోన్లు ఇస్తే చాలా, టచ్ ఫోన్లే ఇవ్వాలా?
*– స్వయం సహాయక బృందం సభ్యురాలు, గంజాం జిల్లా*

కొడుకు మొహం చూడాలనుకునే తల్లికి టచ్ ఫోనే. మొదటి తెర మీద కొడుకు ఫోటోతో వాట్సాప్ సత్వర గుర్తు ఒక్కటే ఉంచి, అక్షరాలు పెద్దవి చేసి, తెలుగో ఒడియానో పెట్టి ఇవ్వండి. మాట వినిపిస్తే చాలనే వాళ్లకి బటన్ ఫోను మేలు. జియో సిమ్ మామూలు 2జీ బటన్ ఫోనులో పనిచేయదు, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లు పనిచేస్తాయి.

మాకు దానంగా వచ్చిన ఫోను దొంగదయితే మా మీదికి రాదా?
*– గ్రంథాలయ నిర్వాహకుడు, రాయగడ*

తీసుకునేటప్పుడే చూసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు రాసి 14422కి ఎస్సెమ్మెస్ పంపండి. కేంద్ర టెలికాం శాఖ 2023లో తెచ్చిన సంచార్ సాథీలోనూ ఇదే చూడొచ్చు. బ్లాక్‌లిస్ట్ అయిందనో, ఆ నంబరు ఇంకోచోట వాడుకలో ఉందనో వస్తే తీసుకోకండి. ఐఎంఈఐ మార్చి ఇస్తామనే వాళ్ల జోలికి పోవద్దు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా.

తర్వాత కాగితం. ఇచ్చినవారి పేరు, తేదీ, మోడలు, ఐఎంఈఐ, ‘నా ఇష్టంతో ఇస్తున్నాను, నా ఖాతాలు తీసేశాను’ అన్న ఒక్క వాక్యం, సంతకం. పుచ్చుకున్న పిల్లవాడి తల్లో తండ్రో ఇంకో సంతకం. రెండు ప్రతులు తీసి ఒకటి ఇచ్చినవారికి ఇవ్వండి. రేపు పోలీసులు ఐఎంఈఐ పట్టుకుని ఇచ్చినవారి గుమ్మంలోకి వస్తే వాళ్లు చూపించేది ఆ కాగితమే.